వెనక గేటు తీసిన కుటుంబరావు

2007 నవంబరు ఆఖరులో ఒక మధ్యాహ్నం, నందిగామలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ కరస్పాండెంటు భవానీప్రసాద్, ఆఫీసు గుమాస్తా కుటుంబరావును తన గదిలోకి పిలిపించాడు. ఒక నెలపాటు కాలేజీ పని పక్కన పెట్టి, తన అన్నగారి అమ్మాయికి సాయంగా వెళ్ళాలన్నాడు. కుటుంబరావు ఎక్కడికి, ఏమిటి అని అడగకుండానే సరేనండి అన్నాడు. అడిగాక కూడా అదే మాట అనేవాడేమో. కాని తీరా చోటు పేరు విన్నప్పుడు మాత్రం అతని చేతిలో ఉన్న కాగితాలు ఒక్కసారి బరువెక్కినట్టు అనిపించింది.

చిల్లకల్లు దాటి వేదాద్రి వెళ్ళే దారిలో ఒక చిన్న సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. అది మూతపడి తొమ్మిదేళ్ళు దాటింది. ఆ స్థలాన్ని ఎవరో కొని, ప్లాట్లు వేయబోతున్నారు. కొన్నవాళ్ళలో భవానీప్రసాద్ స్నేహితులున్నారు. ఆ కట్టడాలను పడగొట్టే ముందు మూడు వారాలు వాటిని తమకిమ్మని ఆ అన్నగారి అమ్మాయి సింధూర అడిగింది. సింధూర సొంతూరు కంచికచర్ల. హైదరాబాదులో చిత్రకళ చదువుకుంది. వీధి గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసేవాళ్ళు దేశం నలుమూలలా ఉన్నారట. వాళ్ళలో పద్నాలుగు మందిని పిలిపించి ఆ ఫ్యాక్టరీ గోడలన్నీ బొమ్మలతో నింపి, చివరి మూడు రోజులు జనాన్ని రానిచ్చి చూపించాలని ఆమె ఉద్దేశం. దానికి గోతులు, బలహీనమైన మెట్లు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో తెలిసిన మనిషి కావాలి.

“మీరు అక్కడే కదా చేశారు, రావుగారూ,” అన్నాడు భవానీప్రసాద్. “మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?”

అది నిజమే. ఆ ఫ్యాక్టరీ టైం ఆఫీసులో కుటుంబరావు పద్నాలుగేళ్ళు పనిచేశాడు. కార్మికులు లోపలికి రాగానే టోకెను తీసుకునే కిటికీ వెనక కూర్చునేది అతనే. అందుకని వాళ్ళు అతన్ని పేరు పెట్టి కాకుండా ‘టైమాఫీసుగారు’ అని పిలిచేవారు. ఫ్యాక్టరీలో ఉన్న తాళంచెవులన్నీ కూడా టైం ఆఫీసు గోడకే వేలాడుతూ ఉండేవి. వాటిలో ఒకటి వెనక గేటుది.

1998 జనవరిలో యాజమాన్యం లాకౌటు ప్రకటించింది. కార్మికులు ముందు గేటు దగ్గర టెంటు వేసి రోజుకి అయిదుగురు చొప్పున దీక్షలు మొదలుపెట్టారు. యూనియన్ కార్యదర్శి బ్రహ్మయ్య వాళ్ళకు ఒకటే మాట చెబుతుండేవాడు: యంత్రాలు లోపల ఉన్నంతకాలం ఫ్యాక్టరీ ఉన్నట్టే, ఇవాళ కాకపోతే రేపు తెరుస్తారు. అందుకని వంతులు వేసుకుని ముందు గేటు కాపలా కాశారు. వెనక గేటు క్వారీ వైపు ఉంది. అటు వైపు దారి పాడైపోయి చాలా కాలమైంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఏప్రిల్లో ఒకరోజు కార్మికులంతా రెండు లారీలెక్కి బెజవాడలో లేబరు ఆఫీసుకు వెళ్ళారు. టెంటులో ఇద్దరు ముసలివాళ్ళు మిగిలారు. ఆ రోజు పదకొండు గంటలకు మేనేజరు వరప్రసాదరావు కారు డ్రైవరు నందిగామ వచ్చి, కుటుంబరావు ఇంటి ముందు కారాపి, మడత పెట్టిన కాగితం ఇచ్చాడు. వెనక గేటు తీయించవలసిందని, మూడు లారీలు వస్తాయని అందులో ఉంది. కుటుంబరావు చొక్కా వేసుకుని, లాకౌటు నాడు ఇంటికి తెచ్చుకున్న తాళంచెవి తీసుకుని కారెక్కాడు. గేటు తీశాడు. లారీలతో పాటు ఒక క్రేను కూడా వచ్చింది. మిల్లు మోటారు, గేరుబాక్సు, ఇంకా విప్పడానికి వీలైనవన్నీ విప్పి ఎక్కించారు. అంతసేపూ అతను చింత చెట్టు నీడన నిలబడి ఉన్నాడు. మూడింటికి తిరిగి తాళం వేసి, తాళంచెవి డ్రైవరుకిచ్చి, హైవే మీదికొచ్చి బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు.

రెండు రోజులకల్లా రోడ్డు వైపున్న పాకింగ్ హౌసు గోడ మీద ఎర్రని అక్షరాలు వెలిశాయి. ఒక్కో అక్షరం నాలుగడుగుల ఎత్తు. ‘వెనక గేటు తీసిన కుటుంబరావు ఎవరి మనిషి?’

వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి వెళ్ళే బస్సులన్నీ ఆ గోడ ముందు నుంచే పోవాలి. కుటుంబరావు భార్య చూడామణి వీరులపాడు మండలంలో టీచరు. ప్రతి మాఘమాసంలో స్కూలు వాళ్ళంతా కలిసి వేదాద్రి వెళ్ళడం ఆనవాయితీ. మరుసటి ఏటి నుంచి ఆవిడ వెళ్ళడం మానేసింది. ఎందుకు తీశారని భర్తను ఒకసారి అడిగింది. అతను జవాబు చెప్పలేదు. ఆవిడ రెండోసారి అడగలేదు.

తను కాకపోతే ఇంకెవరైనా ఆ గేటు తీసేవారేనని కుటుంబరావు తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. తాళం బద్దలు కొట్టడం పెద్ద పనేం కాదు. అయినా ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా మళ్ళీ చెప్పుకోవలసి వస్తూనే ఉండేది.

డిసెంబరు మొదటి సోమవారం అతను ఫ్యాక్టరీ లోపల అడుగుపెట్టాడు. సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగింది. కిందపడ్డ సిమెంటు వానలకు తడిసి, గడ్డకట్టి, నేలంతా ఎత్తుపల్లాలుగా ఉంది. సింధూర ముప్పై ఏళ్ళ లోపు పిల్ల. జీన్సు ప్యాంటు, నెత్తికి తువ్వాలు. అతన్ని ‘అంకుల్’ అని పిలిచింది. కాలేజీలో అందరికీ రావుగారు కావడంతో ఆమె దగ్గరున్న కాగితంలో కూడా అతని పేరు ‘రావుగారు’ అనే ఉంది.

కుటుంబరావుకు పని చేతకాకపోవడం ఎప్పుడూ లేదు. రెండు రోజుల్లో ఆవరణంతా తిరిగి, మూతలేని గోతుల చుట్టూ తాళ్ళు కట్టించాడు. తుప్పు పట్టిన నిచ్చెనల మొదట్లో ఎర్ర రంగుతో కొట్టివేత గుర్తు పెట్టించాడు. సిమెంటు నిలవచేసే సైలో మీదికి ఎవరూ వెళ్ళకుండా మెట్ల దారికి తడిక అడ్డం పెట్టించాడు. పాత స్టోర్సు గది శుభ్రం చేయించి, రంగు డబ్బాలు, రోలర్లు, పొడుగు కర్రలు అందులో సర్దించి, తాళం తనే పెట్టుకున్నాడు. పాములు పట్టేవాణ్ణి పిలిపిస్తే నాలుగు దొరికాయి. జగ్గయ్యపేట నుంచి పొద్దునే ఇడ్లీలు, మంచినీళ్ళ క్యాన్లు రావడానికి మనిషిని కుదిర్చాడు. ఆడపిల్లలకు వేరే బాత్‌రూములు కావాలని ఎవరూ అడగకముందే రేకులతో రెండు కట్టించాడు. వచ్చిన పద్నాలుగు మందిలో తెలుగు వచ్చినవాళ్ళు ముగ్గురే. మిగతావాళ్ళు కూడా మూడో రోజుకల్లా ఏది కావాలన్నా ‘రావ్‌గారూ’ అంటూ అతని దగ్గరికే వస్తున్నారు.

ఏ గోడకు ఏ రంగు పూత ముందుగా వేయాలో జాబితా రాసే పని కూడా అతనికే వచ్చింది. ముప్పై ఒక్క గోడలు. సగానికి పైగా గోడలకు తెల్ల పూత కావాలన్నారు. కొన్నింటిని ఉన్నవి ఉన్నట్టే వదిలెయ్యమన్నారు. పాకింగ్ హౌసు రోడ్డు గోడ గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. దాన్ని ఇంకా ఎవరికీ కేటాయించలేదు. కుటుంబరావు దాని ఎదురుగా ‘తెలుపు, రెండు కోటింగులు’ అని రాశాడు. ఆ పద్నాలుగేళ్ళ నౌకరీలోనూ, తరవాత తొమ్మిదేళ్ళ నౌకరీలోనూ ఎవరూ చెప్పకుండా అతను చేసిన మొదటి పని అది.

పూతలు మొదలుపెట్టే రోజున సరుగుడు కర్రల లోడుతో ట్రాక్టరు వచ్చింది. పరంజాలు కట్టేవాళ్ళు నలుగురు దిగారు. వాళ్ళ మేస్త్రీని చూసి కుటుంబరావు స్టోర్సు గుమ్మంలోనే నిలబడిపోయాడు. అతను సొలొమోను. ఒకప్పుడు పాకింగ్ హౌసులో బస్తాలు కుట్టేవాడు. చేతిరాత బాగుంటుందని ఫ్యాక్టరీలో ‘హెల్మెట్ ధరించండి’ లాంటి బోర్డులన్నీ అతనిచేతే రాయించేవారు. ఊళ్ళో చర్చి గోడ మీద వాక్యాలు కూడా అతను రాసినవే. ఫ్యాక్టరీ మూసేశాక కోదాడ వైపు కంకర మిల్లుల్లో కొన్నాళ్ళు, ఎలక్షన్ల గోడ రాతలు కొన్నాళ్ళు చేసి, ఫ్లెక్సీలు వచ్చి రాతపని పోయాక, పరంజాల్లోకి దిగాడు.

సొలొమోను కూడా అతన్ని చూశాడు. తాళ్ళు ఎన్ని కట్టలున్నాయని అడిగాడు. పన్నెండని కుటుంబరావు చెప్పాడు. మూడు రోజులు వాళ్ళిద్దరి మధ్యా ఇలాంటి మాటలే నడిచాయి.

నాలుగో రోజు పొద్దున తెల్ల పూత వేసేవాళ్ళు పాకింగ్ హౌసు గోడ దగ్గరికి వెళ్ళారు. బకెట్లలో రంగు కలుపుతుండగా సింధూర పరుగెత్తుకొచ్చి ఆపింది. ఆమె ఆ అక్షరాలను రోడ్డు మీది నుంచి రోజూ చూస్తోందట. ‘మనిషి’లో సగం, ఆ ప్రశ్న గుర్తు వెలిసిపోయాయి. మిగతావి మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. ఇక్కడికి ఇంతమంది వచ్చారుగాని గోడ మీద ఇంత బాగా కుదిరిన గీత ఎవరిదీ లేదని ఆమె అంది. దీన్ని తెలుపు కొట్టమని ఎవరు రాశారని అడిగి, సమాధానం కోసం ఆగకుండా, ఇది రాసినవాళ్ళెవరో కనుక్కోవచ్చా అంకుల్ అంది.

కుటుంబరావు ఏదో అనేలోపు పరంజా మీద నుంచి సొలొమోను దిగి వచ్చాడు.

“నేనేనమ్మా రాసింది,” అన్నాడు.

సింధూర అతని చేతులు రెండూ పట్టుకుంది. ఎలా రాశాడో, కుంచె ఏమిటో, కింద గీతలు కొట్టుకున్నాడో లేదో అడిగింది. రెడ్ ఆక్సైడ్ రంగనీ, కొబ్బరి పీచు కుంచె అనీ, గీతలు కొట్టుకునే తీరిక లేదనీ చెప్పాడు. చివరికి ఆమె, ఈ కుటుంబరావు ఎవరని అడిగింది.

కుటుంబరావు పది అడుగుల దూరంలో జాబితా పట్టుకుని ఉన్నాడు. సొలొమోను అతని వైపు చూడనైనా చూడలేదు.

“అప్పట్లో ఇక్కడ చేసినాయనలెండి,” అన్నాడు.

సింధూర అక్కడికక్కడే నిర్ణయించేసింది. ఆ గోడ సొలొమోనుది. పద్నాలుగు మందితో పాటు అతను పదిహేనోవాడు. పరంజా కూలీ కాకుండా మిగతావాళ్ళకిచ్చేదే అతనికీ ఇస్తారు. ఆ వాక్యమే కొత్తగా రాసినా సరే, ఇంకేదైనా రాసినా సరే, అతనిష్టం. సొలొమోను ఆలోచించుకుని చెబుతానన్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక అతను స్టోర్సు గదికి వచ్చాడు. కుటుంబరావు స్టూలు చూపించినా కూర్చోకుండా తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. కొంతసేపు రంగు డబ్బాల వైపు చూసి, అప్పుడు అడిగాడు.

“ఇన్నాళ్ళకి ఎదురుపడ్డారు కాబట్టి అడుగుతున్నా. ఎందుకు తీశారండీ?”

“తీయమన్నారు. తీశా.”

“ఏమిస్తానన్నారు?”

“ఏమీ లేదు.”

“వాళ్ళ ఇంకో ఫ్యాక్టరీ ఉందిగా, మాచర్ల వైపు. అందులో ఉద్యోగం ఇస్తానన్నారని చెప్పుకున్నారు.”

“ఎవరూ ఏమీ ఇస్తామనలేదు, సొలొమోనూ. చీటీ వచ్చింది. చదివా. వెళ్ళా.”

సొలొమోను అన్న మాటలో కోపం లేదు. ఏదో లెక్క తప్పినవాడి ఆశ్చర్యం ఉంది.

“ఏదో పుచ్చుకుని తీశారనుకున్నాం. మా ఇంట్లోది కూడా అదే అనేది. పుచ్చుకుంటే అదొక రకం. ఊరికే తీశారంటే... ఊరికే ఎవరన్నా తీస్తారాండీ?”

కుటుంబరావు, చెట్టు కింద నిలబడ్డ ఆ మూడు గంటల్లో తనకేం అనిపించిందో గుర్తు తెచ్చుకోబోయాడు. ఎండగా ఉందని, దాహం వేసిందని తప్ప ఏమీ గుర్తు రాలేదు. అదే చెప్పాడు. సొలొమోను తలూపి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న సింధూర రంగుల కోసం స్టోర్సుకు వచ్చినప్పుడు, కుటుంబరావు డబ్బాలు తీసిస్తూ, తన పూర్తి పేరు చెప్పాడు. ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖమంతా ఎర్రబడింది. ఆ గోడకు వెంటనే తెలుపు కొట్టిస్తానంది. బాబాయికి తెలిస్తే తనను తిడతాడంది. అతను వద్దన్నాడు. జాబితాలో తెలుపు అని రాసింది తనేననీ, అలా రాయకుండా ఉండాల్సిందనీ అన్నాడు. గోడ సొలొమోనుకిచ్చారు కాబట్టి అతను ఏం రాస్తే అది ఉండనివ్వమన్నాడు. ఇంత చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఒక డబ్బా మూత రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టాడు.

సొలొమోను అప్పటికే తేల్చుకున్నాడు. పాత వాక్యం తప్పని, అడగాల్సిన ప్రశ్న అది కాదని అతనికి రాత్రి పడుకున్నాక తోచిందట. నిన్న మీరన్న మాటే రాస్తానని కుటుంబరావుతో అన్నాడు. అతను ఒప్పుకుంటేనే రాస్తానని కూడా అన్నాడు.

“పేరు పక్కన ‘గారు’ పెట్టమంటారా?” అని అడిగాడు.

“అక్కర్లేదులే.”

“మంచిదండి. గోడ కూడా చాలదు.”

పని మూడు రోజులు పట్టింది. పాత అక్షరాల మీద బూడిద రంగు పూత వేశారు. ఈసారి గీతలు కొట్టుకోవడానికి తీరిక ఉంది. నీలం పొడి అద్దిన దారం ఒక కొస సొలొమోను పైన పట్టుకుంటే, రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. పరంజావాళ్ళు మిగతా ముగ్గురూ వేరే గోడల దగ్గర ఉన్నారు. కుటుంబరావు వెళ్ళి పట్టుకున్నాడు. దారం బిగించి లాగి వదిలితే గోడ మీద నీలి గీత పడేది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత జాగా వదలాలో సొలొమోను కళ్ళతోనే చూసి చెప్పేవాడు. కుటుంబరావు టేపు పెట్టి కొలిస్తే అంగుళం తేడా ఉండేది కాదు. బొమ్మలు వేసేవాళ్ళు తమ పని ఆపి వచ్చి చూసి వెళ్ళేవారు. వాళ్ళలో చాలామందికి ఆ మాటల అర్థం తెలియదు.

బుధవారం మధ్యాహ్నానికి పూర్తయింది. ‘వెనక గేటు తీయమన్నారు. కుటుంబరావు తీశాడు.’

శుక్రవారం నుంచి జనాన్ని రానిచ్చారు. హైదరాబాదు నుంచి, బెజవాడ నుంచి కార్లలో వచ్చినవాళ్ళు సైలో మీద వేసిన పెద్ద కొంగను, మిల్లు షెడ్డులో ఎనభై అడుగుల పొడవున వేసిన మిరప కోతల బొమ్మను ఫొటోలు తీసుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మాత్రం పాకింగ్ హౌసు దగ్గర ఆగిపోయారు. పాత కార్మికులు ఒక్కొక్కరే వచ్చారు. చదివి, కాసేపు నిలబడి, పక్కవాడితో ఏదో మెల్లగా అని వెళ్ళిపోయారు. వాళ్ళలో కొందరు స్టోర్సు దాకా వచ్చి, గుమ్మంలోంచి కుటుంబరావును చూసి, పలకరించకుండానే వెనక్కి తిరిగారు. అతను ఆ రోజు ఎక్కడికీ పోకుండా గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం బ్రహ్మయ్య వచ్చాడు. యూనియన్ కార్యదర్శిగా ఉన్నప్పటి గొంతు తగ్గలేదుగాని మోకాళ్ళు పోయాయి. చేతికర్రతో గోడ ముందు నిలబడి, వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివాడు.

“ఒరే సొలొమోనూ, తీసినవాడి పేరు రాశావు. తీయమన్నవాడి పేరేదిరా?”

సొలొమోను కుటుంబరావు వైపు చూశాడు. కుటుంబరావు కుర్చీలోంచి లేచి వచ్చి, వరప్రసాదరావు పేరు చెప్పాడు. ఆ పేరు అక్కడున్న అందరికీ తెలిసిందే. అతని నోట వినడం ఇదే మొదలు. సొలొమోను నిచ్చెన తెప్పించుకుని ఎక్కాడు. వాక్యంలో జాగా లేదు. ‘తీయమన్నారు’ పైన, చిన్న అక్షరాల్లో, ‘మేనేజరు వరప్రసాదరావు’ అని ఇరికించి రాశాడు. రాత కాస్త వంకరగా వచ్చింది.

స్కూలు వదిలాక చూడామణి తోటి టీచర్లిద్దరితో వచ్చింది. వస్తున్నట్టు భర్తకు చెప్పలేదు. బొమ్మలన్నీ ఓపిగ్గా చూసింది. పాకింగ్ హౌసు దగ్గర టీచర్లిద్దరూ ఇబ్బందిగా పక్కకు తప్పుకుంటే, ఆవిడ మాత్రం కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివింది. అతనితో కలిసి బస్సులో నందిగామ వచ్చింది. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి మీద పాలు పెట్టాక అడిగింది.

“తీయమంటే తీశారు. అంతేనా?”

“అంతే.”

“ఇన్నాళ్ళూ ఆ ముక్క చెబితే ఏం పోయేదండీ? నాకు తెలియకుండా ఇంకేదో ఉందనుకున్నాను.”

ఇంకేదో అంటే ఏమిటని అతను అడగలేదు. పాలు పొంగుతుంటే ఆవిడ అటు తిరిగింది.

శనివారం జిల్లా ఎడిషన్‌లో ఆ గోడ ఫొటో పడింది. పత్రికలో చిన్న అక్షరాలు కూడా స్పష్టంగా కనబడుతున్నాయి. పదిన్నరకి భవానీప్రసాద్ కారు ఆవరణలో ఆగింది. సింధూర అప్పుడు అతిథులను తీసుకురావడానికి బెజవాడ వెళ్ళింది. భవానీప్రసాద్ మామూలుగా మర్యాదస్తుడు. ఆ రోజూ మర్యాదగానే మాట్లాడాడు. స్థలం కొన్నవాళ్ళలో వరప్రసాదరావుగారి అల్లుడు కూడా ఉన్నాడని, పొద్దున్నుంచి తన ఫోను మోగుతూనే ఉందని, పాపం అమ్మాయికి ఇవన్నీ తెలియవని చెప్పాడు. ఆ గోడకు ఇప్పుడే తెలుపు కొట్టించెయ్యమన్నాడు.

“మీకు కూడా మంచిదే కదా, రావుగారూ. మీ పేరు కూడా పోతుంది.”

స్టోర్సులో తెల్ల రంగు ఆరు డబ్బాలు మిగిలున్న సంగతి కుటుంబరావుకు తెలుసు. రోలర్లు ఎక్కడున్నాయో తెలుసు. పూట పని కూడా కాదు.

“నేను కొట్టించనండి,” అన్నాడు. “ఇంకెవరికైనా చెప్పండి.”

భవానీప్రసాద్ సరిగ్గా వినబడనట్టు చూశాడు. కుటుంబరావు జేబులోంచి స్టోర్సు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. కారు వెళ్ళిపోయాక కుర్చీ మళ్ళీ గుమ్మంలోకి లాక్కుని కూర్చున్నాడు.

ఆదివారం ఎనిమిదింటికల్లా గోడ తెల్లగా ఉంది. జగ్గయ్యపేట నుంచి ఇద్దరు మనుషులు పొద్దునే వచ్చి కొట్టి వెళ్ళారు. సింధూర బాబాయితో ఫోనులో పోట్లాడి, ఏడ్చి, చివరికి చేసేదేం లేక ఫొటోలున్నాయి కదా అనుకుంది. ఆ రోజు వచ్చిన జనం తెల్ల గోడను చూసి, ఇది ఇంకా అవలేదు కాబోలనుకుని ముందుకు పోయారు.

సొలొమోను గోడ ముందు బీడీ వెలిగించుకున్నాడు. కుటుంబరావు వెళ్ళి పక్కన నిలబడి, తను కొట్టించలేదని చెప్పాడు.

“తెలుసండీ,” అన్నాడు సొలొమోను.

తను కాకపోతే ఇంకెవరైనా చేస్తారని కుటుంబరావు తొమ్మిదేళ్ళుగా చెప్పుకున్న మాట అక్షరాలా జరిగింది. తను కాదన్నాడు. ఇంకెవరో చేశారు. గోడ ఎలాగూ తెల్లబడింది. కాని ఆ మాట తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ ఇవ్వని నిద్ర ఆ రాత్రి పట్టింది. ఎందుకని ఆరా తీసేంత ఓపిక అతనికి లేదు. తొమ్మిదిన్నరకి పడుకుని పొద్దెక్కాక లేచాడు.

కాలేజీలో ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. మార్చి పరీక్షలయ్యాక, వచ్చే ఏడు నుంచి ఆఫీసులో కంప్యూటరు పెడుతున్నామని, దానికి వేరే అబ్బాయిని తీసుకున్నామని భవానీప్రసాద్ చెప్పాడు. అతనికప్పుడు యాభై నాలుగేళ్ళు. చూడామణి జీతం మీద ఇల్లు గడిచింది. కొన్నాళ్ళు ఎమ్మార్వో ఆఫీసు ముందు అర్జీలు రాస్తూ కూర్చున్నాడు. ఏప్రిల్లో ఫ్యాక్టరీ పడగొట్టి రోడ్లు వేసి, ప్లాట్లకు తెల్ల రాళ్ళు పాతారు. అతను చూడడానికి వెళ్ళలేదు.

ఆ ఏడు నవంబరులో సింధూర ఫోను చేసింది. గుంటూరు దగ్గర మూతపడ్డ జిన్నింగు మిల్లు దొరికిందట. అంకుల్ వస్తారా అని అడిగింది. సొలొమోను పేరు ఈసారి ముందే పోస్టరులో వేశారంది. కుటుంబరావు అక్కడ ఇరవై రోజులు ఉన్నాడు. ఆ తరవాతి ఏడు ఏలూరులో ఒక నార మిల్లు. అక్కడా అదే పని: గోతుల చుట్టూ తాళ్ళు, నిచ్చెనలకు గుర్తులు, టిఫిన్లు, బాత్‌రూములు. ఒకసారి తనకు అర్థంకాని బొమ్మ గురించి ఎవరో కుర్రాణ్ణి అడిగి, అతను చెప్పింది కూడా అర్థంకాక, బాగుందని మాత్రం అన్నాడు.

పాత కార్మికుల్లో కొందరు చిల్లకల్లు బస్టాండులో ఎదురుపడితే పలకరించడం మొదలుపెట్టారు. కొందరు పలకరించలేదు. బ్రహ్మయ్య రెండో రకం. కాని 2009 మే నెలలో అతని మనవరాలి పెళ్ళికి సొలొమోనుచేత శుభలేఖ పంపాడు. వెళ్ళాలా వద్దా అని కుటుంబరావు తటపటాయిస్తుంటే, శుభలేఖ వచ్చాక వెళ్ళకపోతే ఏం మర్యాదని చూడామణి అంది. ఇద్దరూ వెళ్ళారు. పందిట్లో బ్రహ్మయ్య ఇతన్ని చూసి కూడా పక్కవాడితో మాట్లాడుతూనే ఉన్నాడు. భోజనాల దగ్గర మూడో బంతిలో వీళ్ళకు విస్తళ్ళు దొరికాయి. పులిహోర వడ్డించేవాడు వీళ్ళ వరస దాటి పోతుంటే, అవతల చివర చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డ బ్రహ్మయ్య వాణ్ణి కేకేశాడు.

“ఒరే, అటు రాలేదు చూడు. టైమాఫీసుగారికి వెయ్యి.”